మోరిసో కొట్టు మీది అద్దాలు

మార్చి పన్నెండు, మంగళవారం, సాయంత్రం ఐదూ నలభైకి మా అక్క అర్మెల్ ఫొవెల్ పసాజ్ కొర్వేల్‌లోని మా గుండీల కొట్టులోంచి కనపడకుండా పోయింది. పసాజ్‌కు రెండే గేట్లు; గాజు కప్పు కింద రెండు వరసల కొట్లున్న సందు అది. ఉత్తరం గేటు దగ్గర కాపలాదారు బెల్కాసెమ్ ఉన్నాడు. దక్షిణం గేటును ఆనుకుని హ్యుగెత్ కాఫీ కొట్టు ఉంది. ఆమె తమ ముందు నుంచి వెళ్ళలేదని ఇద్దరూ చెప్పారు. పొద్దుటి నుంచి మంచు పడుతోంది. అక్క కాళ్ళకు ఇంట్లో తొడుక్కునే ఉన్ని చెప్పులు ఉన్నాయి.

ఇప్పుడు ఆరు దాటింది. నేను బల్ల వెనక కూర్చున్నాను, కూర్చోమన్నారు కాబట్టి. అప్పుడు కొట్లో ఒక కొనుగోలుదారు ఉంది, కోటుకు ఊడిన గుండీకి జత కావాలంది, నేను కింది సొరుగు లాగడానికి వంగాను, లేచేసరికి కిటికీ పక్క కుర్చీలో అక్క లేదు. ఆమె లేచి వెళ్ళింది కదా అన్నాను. ఎవరు, ఆ కుర్చీలో ఎవరైనా ఉన్నారా అని ఆ మనిషి నన్నే అడిగింది. కుర్చీ మెత్త మీద చెయ్యి పెట్టి చూశాను, వెచ్చగానే ఉంది. పైకి వెళ్ళి చూశాను. మా పై గదిలో రెండు మంచాలు, పొయ్యి, బట్టల అలమారా, అంతకు మించి లేవు. మంచాల కింద చూశాను. అలమారా తెరిచాను, కోట్లు వేలాడుతున్నాయి, మూశాను. ఆ తరవాత బయటికి వచ్చి పేరు పెట్టి పిలిచాను, ఒక్కసారే, ఎందుకంటే గాజు కప్పు కింద పిలుపు వేసిన చోట ఉండదు. అది పోయి అవతలి కొస నుంచి తిరిగి వస్తుంది. వేరే ఎవరో ఆమెను వెతుకుతున్నట్టు వినపడింది నాకు.

బెల్కాసెమ్ కొట్టు కొట్టూ వెతికాడు. పక్కనున్న మోరిసో గారి చేతికర్రల కొట్టుకు బయటి తాళం ఉంది, అది కూడా తీసి టార్చి వేసి చూశాడు. దుమ్ము ఉంది, దుమ్ము మీద అడుగులు లేవు, మెట్లు విరిగి ఉన్నాయి, తాళం వేసేశాడు. పోలీసులకు ఫోను చేశాడు. మంచు వల్ల బళ్ళు కదలడం లేదు, ఏడు దాటాకే వస్తామన్నారు. అప్పుడు హ్యుగెత్ వచ్చింది, చేతులు తుడుచుకుంటూ, ఆమె ఎప్పుడూ చేతులు తుడుచుకుంటూనే మాట్లాడుతుంది. ఏడింటికి గేట్ల పిలుపు ఉంది కదా, అదే పనికొస్తుంది అంది.

"గిస్లేన్, నువ్వు ఇవాళ నోరు మూసుకుని కూర్చో. నీకది కష్టమేననుకో. మీ కొట్టు పేరు పిలిచినప్పుడు పలక్కు. ఎక్కడ నక్కి కూర్చుందో అక్కడి నుంచి అర్మెలే పలుకుతుంది. మనిషికి ఏం గుర్తున్నా లేకపోయినా, పిలుపుకి జవాబు మాత్రం నోట్లోనే ఉంటుంది."

పలకదని నేను చెప్పలేదు. చెబితే ఎందుకు పలకదో చెప్పాలి. హ్యుగెత్ ఈ పసాజ్‌కు వచ్చి ఇరవై ఏళ్ళే అయింది, కోడలిగా వచ్చింది, ఆ చలికాలం సంగతి ఆమెకు తెలియదు.

పిలుపు అంటే ఇంతే. మా నాన్న చిన్నప్పటి నుంచీ ఉంది, అంతకు ముందు నుంచీ ఉందంటారు. గేట్లు మూసే వేళకు కాపలాదారు ఉత్తరం గేటు వేసి, గంట ఊపుతూ దక్షిణానికి నడుస్తాడు. ఒక్కో కొట్టు ముందుకొచ్చి ఆ పేరు పిలుస్తాడు. కొట్లో కొనుగోలుదారులు మిగల్లేదని యజమాని "ఎవరూ లేరు" అని చెప్పాలి. ఆ మాట వినే దాకా అతను అడుగు ముందుకు వెయ్యడు. దక్షిణం గేటు చేరాక అక్కడున్న మీట దించి దీపాలన్నీ ఆర్పుతాడు. ఖాళీ అయిన కొట్టు పేరు కూడా పిలవాల్సిందే, కొత్త వాళ్ళు అద్దెకు దిగే దాకా పక్క కొట్టు వాళ్ళు దాని తరఫున జవాబు చెప్పాలి. మోరిసో గారు పోయి తొమ్మిదేళ్ళు. ఆయన కొట్టును ఎవరూ తీసుకోలేదు. రోజూ సాయంత్రం నేను ముందు ఆయన కోసం, తరవాత మా కోసం, రెండుసార్లు "ఎవరూ లేరు" అంటాను. అలవాటైపోయింది. ఒక్కోసారి పళ్ళు తోముకుంటూ అంటాను.

మంచు పడితే ఇక్కడ చప్పుడు పోతుంది. మామూలుగా రోడ్డు మీది బస్సు ఆగినా కప్పు అద్దాలు గలగలమంటాయి, వాన పడితే పక్కవాడి మాట వినపడదు, ఇప్పుడు నా చేతి గడియారం వినపడుతోంది. వెలుతురు కూడా పోతోంది. మంచు ముందు కప్పు అంచుల్లో చేరుతుంది, తరవాత మధ్యకు వస్తుంది, ఇంకాసేపటికి పసాజ్ అంతా దుప్పటి కప్పుకుని పడుకుంటే లోపల కనపడే రంగులోకి వస్తుంది. చిన్నప్పుడు అక్కా నేనూ ఒక్క దుప్పట్లో పడుకునేవాళ్ళం, ఆమె టార్చి వెలిగించి దుప్పటికి ఆనించేది. ఇదిగో ఒసేయ్, ఇది కప్పు, మనం కొనుగోలుదార్లం, గేటు వేసేశారు, ఇంక పొద్దుటి దాకా బయటికి పోలేం అనేది. నాకు ఏడుపొచ్చేది. రాత్రిళ్ళు పసాజ్‌లో తిరిగేవాళ్ళు ఉంటారని ఆమె చెప్పేది, ఏ సాయంత్రమో "ఎవరూ లేరు" అని ఎవరో తప్పు చెబితే లోపల చిక్కుకుపోయిన వాళ్ళట. మనం నడిస్తే ఎదుటి వరస నుంచి ఇంకో నడక వినపడుతుంది కదా, అది వాళ్ళదేనట. అది మన నడకే, గోడకు తగిలి వస్తుంది అని నాన్న చెప్పాడు. అయితే మనం ఆగాక అది ఇంకో రెండడుగులు ఎందుకు వేస్తుంది అని అక్క అడిగింది. నాన్న నవ్వాడు.

బల్ల కింద సూట్‌కేసు ఉంది. గురువారం అక్కను తీసుకెళ్ళడానికి కారు వస్తుంది. వెన్సాన్ అడవి పక్కన వృద్ధాశ్రమం, కిటికీలోంచి చెట్లు కనపడతాయి, నేను వెళ్ళి చూసి వచ్చాను. ఇంకోసారి తప్పిపోతే మీ చేతుల్లో ఉండదు మదామ్, ఈ చలిలో గంట చాలు అని డాక్టరు అన్నాడు. అందుకే ఒప్పుకున్నాను. అక్కకు చెప్పలేదు. సూట్‌కేసు ఆదివారం సర్దాను. సోమవారం పొద్దున తెరిచి చూస్తే బట్టలు లేవు, వాటి చోట గుండీల డబ్బాలు పేర్చి ఉన్నాయి, పైన నాన్న తొడుగులు, మంచులో వేసుకునే తోలు చేతి తొడుగులు. అవి ఎక్కడ దొరికాయక్కా అని అడిగాను. నేను పెట్టలేదు, ఆయన వెతుక్కుంటుంటే తీసిచ్చాను అంది. ఎవరు అన్నాను. ఆమె గోడ వైపు చూసింది.

గోడ అవతల మోరిసో గారి కొట్టు. బతికున్నప్పుడు నాలుగింటికి ఆయన చేతికర్రతో గోడను రెండుసార్లు తట్టేవాడు, టీ పెట్టమని. భార్య లేదు, పిల్లలు లేరు, కర్రలు తప్ప ఇంకేం లేవు ఆయనకు, గుర్రం తలవి, కుక్క తలవి, పిడి తిప్పితే కత్తి వచ్చేవి. ఆ కర్రలను కొనే తరం పోయినా ఆయన కొట్టు తీసి కూర్చునేవాడు. ఈ చలికాలం మొదలైనప్పటి నుంచీ అక్క మళ్ళీ నాలుగింటికి టీ పెడుతోంది, మూడు కప్పులు తీస్తోంది. ఎవరికక్కా అంటే, తట్టాడు కదే, నీకు చెవుడా అంటుంది. నేను మూడో కప్పు తిరిగి పెట్టేసేదాన్ని. నిన్న పెట్టలేదు. వదిలేశాను. కడిగేటప్పుడు చూస్తే మూడు కప్పులూ ఖాళీగానే ఉన్నాయి. అక్కే తాగి ఉంటుంది.

తట్టుతున్నారు.

వింటున్నాను. రెండు. ఆగింది. మళ్ళీ రెండు. గోడ నుంచా అంటే గోడ నుంచి కాదు, కర్ర మీద కర్ర తట్టినట్టూ లేదు, ఇనుము మీద కర్ర. గడియారం ఆరున్నరకు దగ్గరగా ఉంది. లేచి గోడకు చెవి ఆనించాను. చల్లగా ఉంది గోడ, నిశ్శబ్దంగా ఉంది. తాళం తీసి చూశాడు కదా బెల్కాసెమ్, దుమ్ము మీద అడుగులు లేవన్నాడు కదా. తిరిగి వచ్చి కూర్చున్నాను. పలకొద్దన్నారు, కదలొద్దన్నారు, ఏడింటి దాకా ఇక్కడే ఉండమన్నారు. ఏడింటికి పిలుస్తాడు. నేను పలకను. అక్క కూడా పలకదు, తనకు పన్నెండేళ్ళున్నప్పటి నుంచి పలకలేదు. అతను మా కొట్టు ముందు నిలబడతాడు. ఆ తరవాత ఏం చేస్తాడు?

ఆ చలికాలం ఫిబ్రవరిలో నెల పొడుగునా మంచు. సేన్ నది మీద గడ్డలు తేలాయి. మంచు బరువుకు కప్పు అద్దాలు పగులుతాయి, అందుకే ఎవరి కొట్టు మీది అద్దాలు వాళ్ళే ఊడ్చుకోవాలి. మోరిసో కొట్టు పై గదిలోంచి కప్పు మీదికి తలుపు ఉంది, ఈ వరస వాళ్ళందరూ అక్కడి నుంచే ఎక్కేవాళ్ళు. కప్పు అంచున ఇనుప పట్టీ, ఒక్క పాదం పడుతుంది. ఇనుము మీద నడవాలి, అద్దం మీద చీపురు తప్ప ఏదీ పెట్టకూడదు. చీపురుకు మంచు పట్టేస్తుంది కాబట్టి మధ్య మధ్యలో ఇనుముకు తట్టాలి. ఆ సాయంత్రం నాన్న మా అద్దాలు ఊడ్చాడు. మోరిసో గారు జ్వరంతో పడుకుని ఉన్నాడు, అందుకని ఆయన వంతు కూడా ఊడ్చాడు. పక్కవాళ్ళ అద్దాలు ఊడ్చే ఆనవాయితీ లేదు, ఎవరి పట్టీ ఎక్కడ వంగిందో వాళ్ళకే తెలుస్తుంది. చీకటి పడింది. కింద దీపాలు వెలుగుతున్నాయి, ఊడ్చిన అద్దంలోంచి ఆ వెలుగు పైకి వస్తుంది, ఆ వెలుగులో ఇనుము నల్లగా గీతలా కనపడుతుంది, నాన్న ఆ గీత చూసి అడుగు వేస్తున్నాడు. గేట్లు మూసే వేళ అయింది. అమ్మ వెనక గదిలో సూప్ వడ్డిస్తోంది. అక్క కొట్టు వాకిట్లో నిలబడింది, ఆ వారమే ఆమెకు జవాబు చెప్పే పని ఇచ్చారు, పెద్దదానివయ్యావు అని. అప్పటి కాపలాదారు మోరిసో అని పిలిచాడు. మంచం మీద నుంచి ఆయన ఎవరూ లేరన్నాడు. ఫొవెల్ అని పిలిచాడు. అక్క కొట్లోకి తిరిగి చూసింది. కొనుగోలుదారులు లేరు. ఎవరూ లేరు అంది. ఆ జవాబు ఎప్పుడూ కొట్టు గురించే, కప్పు గురించి కాదు, ఎవరైనా అదే చెప్పేవారు. కాపలాదారు దక్షిణం గేటుకు పోయి మీట దించాడు. పైన నాన్నకు ఇనుమూ అద్దమూ ఒకటే అయ్యాయి. కదలకుండా ఉంటే సరిపోయేది. కదలకుండానే ఉన్నాడు, అనుకుంటాను, ఎందుకంటే కాసేపు ఏం వినపడలేదు. అప్పుడు అమ్మ చీకట్లోకి వచ్చి ఆయన పైనున్నాడని గుర్తొచ్చి పేరు పెట్టి అరిచింది. ఆ కేక అవతలి కొసకు పోయి అటు నుంచి తిరిగి వచ్చింది. ఆయన అటు తిరిగాడు.

మోరిసో కొట్టు ముందు నేల మీద నాలుగు పలకలు మిగతా వాటికి కలవవు. ఆ రాత్రి పాతవి పగిలితే నల్లవి వేశారు. మేము ఎప్పుడూ వాటి మీద కాలు పెట్టలేదు, దాటి వెళ్ళేవాళ్ళం, దాటడం నేర్చుకున్నామని కూడా తెలియకుండా. అక్క ఆ తరవాత జవాబు చెప్పలేదు. ఆ వేళకు పైకి వెళ్ళిపోయేది. నాకు ఏడేళ్ళు, ఆ పని నాకు వచ్చింది.

నేల మీద వెలుతురు ఉంది.

మా కొట్టు ముందు, కిటికీ ఎదురుగా. ఎదుటి స్టాంపుల కొట్టు వాళ్ళు దీపం పెట్టారేమో అనుకున్నాను, పెట్టలేదు, వాళ్ళు మూడింటికే మూసుకుని వెళ్ళారు. పసాజ్ దీపాలు ఇంకా వెయ్యలేదు. మిగతా నేలంతా మసకగా ఉంది. ఈ ఒక్క వెలుతురు పట్టీ మాత్రం పొద్దుటి వేళ లాగా ఉంది. ఇందాక లేదు. ఇందాక ఎప్పుడు? గోడకు చెవి పెట్టి వచ్చినప్పుడు ఉందా? పట్టీ అంచు కదులుతోంది. గడియారం ముల్లు కదిలినట్టు, చూస్తే కదలదు, చూపు తిప్పి మళ్ళీ చూస్తే ఇంకో పలక మీదికి వచ్చి ఉంటుంది. మోరిసో కొట్టు వైపు పోతోంది. అప్పుడే బెల్కాసెమ్ దీపాలు వేశాడు, పసుపు రంగు అంతటా పరుచుకుంది, పట్టీ పోయింది, నేను తప్పుగా చూశానేమో అనుకున్నాను. వయసు నాకూ వస్తోంది. ఒక్క ఇంట్లో ఇద్దరికీ వస్తే మూడో కప్పు ఎవరు తిరిగి పెడతారు?

హ్యుగెత్ కాఫీ పట్టుకొచ్చి బల్ల మీద పెట్టింది. తాగు, లేకపోతే చలికి చచ్చిపోతావు అంది. తట్టుతున్నట్టు వినపడిందా నీకు అని అడిగాను. గొట్టాల్లో నీళ్ళు గడ్డ కడుతున్నాయి అంది. మీ అక్క మొన్న నా కొట్టుకొచ్చి, ఈసారి నేను సరిగ్గా చెబుతా అందే, ఏం చెబుతావమ్మా అంటే నవ్వింది, అని చెప్పి వెళ్ళిపోయింది. ఆమె నడక దక్షిణం వైపు పోతుంటే ఉత్తరం వైపు నుంచి వినపడింది. ఆమె ఆగింది. రెండడుగులు ఎక్కువ వినపడ్డాయి. చిన్నప్పటి నుంచీ వింటున్నదే.

నల్ల పలకల మీద మంచు పడుతోంది.

గాజు కప్పు కింద మంచు పడదు. నేను ఇక్కడ పుట్టాను, మంచు పడడం చూడాలంటే గేటు దాకా నడవాలి. కానీ పడుతోంది, పిండి జల్లెడలోంచి రాలినట్టు, మోరిసో కొట్టు ముందు, ఆ నాలుగు పలకల మీదే. పడి కరిగిపోతోంది. లేచాను. వాకిట్లోకి వచ్చాను. ఈ పసాజ్‌లో ఎవరూ పైకి చూడరు. దారి తప్పి వచ్చేవాళ్ళు చూస్తారు, ఫొటోలు తీసుకుంటారు, మాకు బయట అంటే రెండు గేట్లే. రెండు గేట్ల దగ్గరా అడిగి, అన్ని కొట్లూ వెతికి, ఇంక వెతకడానికి చోటు లేదని కూర్చున్నాం మేమందరం. పైకి చూశాను. మా కొట్టు మీద అద్దాలన్నీ శుభ్రంగా ఉన్నాయి. అక్కడి నుంచి మోరిసో కొట్టు మీదికి ఊడ్చిన దారి ఉంది. దాని కొసన రెండు ఉన్ని చెప్పుల అడుగుభాగాలు కనపడ్డాయి, ఒకటి ఇనుము మీద, ఒకటి సగం ఇనుము మీద. వాటి పక్కన చీపురు కదులుతోంది, అది తోసిన మంచు అద్దాల సందుల్లోంచి రాలుతోంది. ఆగింది. ఇనుముకు తట్టింది, రెండుసార్లు.

బట్టల అలమారా. కోట్ల వెనక మోరిసో పై గదిలోకి తలుపు ఉంది. రెండు కొట్లూ ఒకప్పుడు ఒకటే, నాన్న మేకులు కొట్టి మూశాడు, అలమారా అడ్డం పెట్టాడు. నేను అలమారా తెరిచి కోట్లు చూసి మూశాను.

ఉత్తరం గేటు పడింది. గంట మోగింది. ఏడు.

అరవకూడదు. ఇది ఒక్కటే ఆలోచించాను, ఇప్పుడు చెప్పగలను, ఇంకేమీ ఆలోచించలేదు. అరిస్తే కేక అవతలి కొస నుంచి వినపడుతుంది, అక్క అటు తిరుగుతుంది. నిచ్చెన తెమ్మని పరుగెత్తకూడదు, పరుగూ మోగుతుంది. గంట ఆగిపోకూడదు, రోజూ మోగేది ఇవాళ మధ్యలో ఆగితే ఆమె ఎందుకా అని వంగి చూస్తుంది. చెప్పులు విప్పేశాను. మేజోళ్ళతో ఉత్తరం వైపు నడిచాను. నేల చలికి పాదాలు మొద్దుబారాయి. బెల్కాసెమ్ గంట ఊపుతూ, పేర్లు పిలుస్తూ, జవాబులు వింటూ వస్తున్నాడు. ఫ్రేములు కట్టేవాళ్ళు ఎవరూ లేరన్నారు. పాత పుస్తకాల కొట్టు ఎవరూ లేరంది. నన్ను చూసి అతను చెయ్యి ఆపబోయాడు. ఆపొద్దని సైగ చేశాను. పక్కన నడుస్తూ చెవిలో చెప్పాను.

"పైన ఉంది. మోరిసో అద్దాల మీద. మీరు రోజూ లాగే పిలవండి. దీపాలు మాత్రం ఆర్పకండి."

అతను పైకి చూశాడు. గంట లయ తప్పలేదు. పెదాలు కదిలించి దేవుడి పేరు అనుకున్నాడు.

"దీపాలు ఆర్పను మదామ్," అన్నాడు. "ఆవిడ పలికితే నేను పైకి పోతాను. మీరు కింద ఉండండి, ఆవిడకి కనపడేటట్టు."

నల్ల పలకల ముందు ఆగాడు. మంచు రాలుతూనే ఉంది, అతని టోపీ మీద పడుతోంది. మోరిసో అని పిలిచాడు. దానికి జవాబు చెప్పాల్సింది నేను. పైన మనిషి ఉండగా ఆ మాట అనలేక పళ్ళు బిగబట్టుకున్నాను.

"ఎవరూ లేరు."

జవాబు కొట్లోంచి వచ్చింది. తాళం వేసిన తలుపు అవతల నుంచి, కింద నుంచి, గొంతు బొంగురుగా, ఎక్కువసేపు మాట్లాడని మనిషి గొంతు. బెల్కాసెమ్ నా వైపు చూశాడు. నేను కాదని తల ఊపాను. పైన చీపురు ఆగింది.

అతను రెండడుగులు వేసి మా కొట్టు ముందు నిలబడ్డాడు. గంట దించాడు. ఫొవెల్ అని పిలిచాడు. ఏమీ వినపడలేదు. దక్షిణం గేటు దగ్గర హ్యుగెత్ మీట పక్కన నిలబడి ఉంది, ఆలస్యమైతే ఆమె కూడా ఆర్పుతుంది, అతనికి మోకాళ్ళ నొప్పి ఉన్న రోజుల్లో ఆర్పుతూనే ఉంటుంది. ఆమెకు ఇంకా తెలియదు. ఆమె చెయ్యి ఎక్కడుందో నాకు ఇక్కడి నుంచి కనపడడం లేదు. బెల్కాసెమ్ ఇంకోసారి పిలిచాడు. అంతే గట్టిగా, అంతకన్నా గట్టిగా కాదు. ఫొవెల్.

"ఉన్నారు," అంది అక్క.

పై నుంచి వచ్చింది, ఊడ్చిన అద్దాల్లోంచి, తొందర లేకుండా.

"ఒకరున్నారు. పైన మా నాన్న ఉన్నారు. ఆయన దిగేదాకా దీపాలు ఆర్పకండి."

ఆ మాట రెండు కొసలకూ పోయి వచ్చింది. హ్యుగెత్ మీట దగ్గర నుంచి చెయ్యి తీసేసింది, ఈ సంగతి ఆమె తరవాత చెప్పింది. బెల్కాసెమ్ గంటను నేల మీద పెట్టి మా కొట్టులోంచి పైకి వెళ్ళాడు. నేను పలకల పక్కన నిలబడి ముఖం పైకెత్తి ఉంచాను. అక్క వంగి చూసింది. నేను చెయ్యి ఎత్తలేదు. కూర్చో అక్కా, ఇనుము మీద కూర్చో, సూప్ ఇంకా వేడిగానే ఉంది అన్నాను, గుసగుస కన్నా కొంచెం గట్టిగా, తిరిగి రాని మోతాదులో. ఆమె చీపురు పక్కన పెట్టి కూర్చుంది. ఒక చెప్పు జారి అద్దం మీద పడింది. అద్దం పగల్లేదు.

బెల్కాసెమ్ ఆమెను ఏడూ ఇరవైకి కిందికి దించాడు. చేతులకు నాన్న తొడుగులు ఉన్నాయి. పోలీసులు ఎనిమిదింటికి వచ్చారు. అంబులెన్సు డాక్టరు ఆమె వేళ్ళు చూసి, రాత్రికి ఇంట్లో ఉంచొచ్చు అన్నాడు. సూప్ తాగింది. మోరిసో గారి తరఫున కూడా నువ్వే పలికావా అని అడిగాను.

"నాది నేను చెప్పాను," అంది. "ఆయనది ఆయనే చెప్పుకున్నాడు. నీకు చెవుడే."

మొదటి జవాబు పసాజ్‌లో అందరూ విన్నారు. హ్యుగెత్ అది నా గొంతే అనుకుంది. పుస్తకాల కొట్టు ఆయన బెల్కాసెమే అన్నాడనుకున్నాడు. పోలీసులు తాళం తీయించి మోరిసో కొట్టు మళ్ళీ వెతికారు. లోపల ఎవరూ లేరు. గురువారం పదింటికి వృద్ధాశ్రమం కారు వచ్చింది, పదీ పదికి ఖాళీగా వెళ్ళింది. అలమారా వెనక తలుపు మేకులు ఊడదీసి, కోట్ల కింద వరసగా పేర్చి ఉన్నాయి.

బెల్కాసెమ్ పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలంలో ఇలా ఉంది. అతను మోరిసో పై గదిలోకి వెళ్ళేసరికి కప్పు తలుపు మూసి ఉంది. అర్మెల్ ఫొవెల్ కప్పు మీద ఉంది. తలుపుకు గడియ లోపలి వైపు ఒక్కటే ఉంది. అది వేసి ఉంది. తీయడానికి అతనికి రెండు చేతులూ కావాల్సి వచ్చాయి.